వదిన భుజం మీద చెయ్యి

మా అమ్మను ఎవరైనా మీ చిన్నకొడుకు ఏం పని చేస్తాడని అడిగితే, "సినిమాలల్ల తాళ్లు తీసేస్తడు" అని చెబుతుంది. హీరోకు తాడు కట్టి గాల్లోకి ఎగరేస్తారు, ఆ తాడు తెర మీద కనపడకుండా నేను తుడిచేస్తాను, కాబట్టి ఆమె చెప్పేది అబద్ధం కాదు. కాకపోతే తాళ్లు తీయడం నా పనిలో రవ్వంత. వేర్వేరు చోట్ల, వేర్వేరు రోజుల్లో తీసిన బొమ్మలను ఒకే చోట ఒకేసారి తీసినట్టు అతకడం అసలు పని. దాన్ని కంపాజిటింగ్ అంటారు. హైదరాబాదులో ఒక స్టూడియోలో కూర్చుని కొన్నేళ్లు చేశాను. ఇప్పుడు వనపర్తిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని అదే స్టూడియోకు అదే పని చేస్తున్నాను. పని అదే అయినా చాయ్ మాత్రం ఇక్కడే బాగుంటుంది.

నేను వాడే సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది దాని ఓర్పు. ఫైలు తెరుస్తానంటే చాలు, ఏయే రకాలు తెరవగలదో పొడవాటి వరుస చూపిస్తుంది. ఫోన్లో తీసే జేపెగ్ ఫొటోల నుంచి ఇప్పటి సినిమా కెమెరాల ఫైళ్ల దాకా, రీళ్ల కాలంలో స్కాన్ చేసి దాచినవి, ఎప్పుడో మూతపడ్డ కంప్యూటర్ కంపెనీల వాళ్లు పుట్టించినవి, అన్నీ అందులో ఉంటాయి. "గివన్నీ ఎందుకన్నా ఇంకా, ఎవరు వాడుతరు?" అని స్టూడియోలో కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. నాకు ఒళ్లు మండుతుంది. మారుమూల ఊరికి రోజుకొక్క బస్సు పోతుంది, అందులో ఎక్కేది ఇద్దరే. ఎవరు ఎక్కుతారని బస్సు తీసేస్తే ఆ ఇద్దరూ ఏం కావాలి? ఈ మాట అంటే వాళ్లు నవ్వి ఊరుకుంటారు. నేను మాత్రం సగం రోజు ఆ కోపంతోనే పని చేస్తాను.

ఎవరూ వాడని ఫైళ్లు మా ఇంటికి రావడం వేరే సంగతి. తెరుచుకోని ఫైలు ఉంటే వనపర్తిలో ఫలానా వాడి దగ్గరికి తీసుకుపొమ్మని ఎవరో పుకారు పుట్టించారు. గద్వాల నుంచి, కొల్లాపూర్ నుంచి, ఒకసారి ఉప్పునుంతల నుంచి కూడా జనం పాత సీడీలు, పెన్‌డ్రైవులు పట్టుకొచ్చారు. దవాఖానలో వైద్యుడి ముందు కూర్చున్నట్టు నా ముందు కూర్చుంటారు. కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు. తెరుచుకున్నవాటిలో ఎక్కువ భాగం ఎవరి పుట్టినరోజు కేకో, ఎవరి కొత్త ట్రాక్టరో. వాళ్లు సంబరపడి పోతారు, నా పని ఆలస్యమవుతుంది, నేను గొణుక్కుంటాను.

ఇంటి ఫైలు మాత్రం చాలా ఏళ్ల తర్వాత గానీ నా దగ్గరికి రాలేదు.

మా అన్నా వదినా గద్వాలలో ఉంటారు. అమ్మ వాళ్లతోనే ఉంటుంది. వదినది గట్టు మండలంలో ఒక పల్లె. ఆ వైపు వాన పడితేనే పంట, పడకపోతే వలస. వదినకు ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. తల్లి మేస్త్రీల వెంట ఊరూరా కట్టుబడి పనులకు పోయి బిడ్డను పెంచింది. కన్నడ దేశం పక్కనే కాబట్టి వాళ్లు తల్లిని అవ్వ అంటారు. వదిన పెళ్లి చేసిన కొన్నాళ్లకే అవ్వ మళ్లీ మేస్త్రీ వెంట పుణె వైపు పోయింది. అక్కడే జ్వరం వచ్చి చనిపోయింది. కబురు అందేసరికి అక్కడివాళ్లే మట్టి చేసేశారు. వదినకు కడసారి చూపు కూడా దక్కలేదు.

వదిన దగ్గర అవ్వ ఫొటో ఒక్కటి లేదు. ఒక ఓటరు కార్డు ఉంది. అందులో వేలి గోరంత నలుపు తెలుపు బొమ్మ, దాని ముఖం మీదే మెరిసే ముద్ర. ఆ ముద్ర పక్కన కనిపించే ఒక కన్ను మా వదిన తల్లిదని నమ్మాలి.

ఆమె దగ్గర ఉన్న మరొకటి పెళ్లి ఆల్బమ్.

ఆ ఆల్బమ్ చేసింది మా మేనమామ. నాగర్‌కర్నూలులో ఆయనకు అప్పుడు వీడియో మిక్సింగ్ దుకాణం ఉండేది. ఆ కాలంలో పెళ్లి ఫొటోలను ఉన్నవి ఉన్నట్టు ఇస్తే ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు. పందిరి, కుర్చీలు, వెనకాల తిరిగే పిల్లలు, అన్నీ కత్తిరించేసి మనుషులను మాత్రమే మంచు కొండల ముందో తాజ్‌మహల్ ముందో నిలబెట్టాలి. అన్నా వదినా కూర్చుని ఉన్న ఇంటిల్లిపాది ఫొటోకు మా మామ జలపాతం ఎంచుకున్నాడు. ఒక వైపు అమ్మ, నాన్న. ఇంకో వైపు కన్యాదానం చేసిన వదిన మేనమామ, ఆయన భార్య. వెనక నురగలు కక్కుతూ నీళ్లు. ఆ నీళ్లలోంచి ఒక చెయ్యి వచ్చి మా వదిన భుజం మీద ఉంటుంది. నాలుగు వేళ్లు, ఒక్క మట్టిగాజైనా లేని మణికట్టు, అంతే. మనిషి ఉండదు.

మేము ఆ చేతిని చూసి మస్తుగా నవ్వుకునేవాళ్లం. జలపాతంలో దయ్యం ఉందని అన్న, నీళ్లు తాగడానికి వచ్చిన ఫొటోగ్రాఫరు అసిస్టెంటని నేను. వదిన కూడా నవ్వేది. చాలా రోజుల తర్వాత, ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే ఆ పేజీ తెరిచి ఆ వేళ్ల మీద తన వేళ్లు పెట్టి కూర్చోవడం చూశాను. ఆ రోజు నుంచి నేను ఆ పరాచికం ఆపేశాను.

ఆ వేళ్లు అవ్వవి. ఆ ఫొటోలో అవ్వ ఉంది, ఎవరో తీయించేశారు. వదిన నమ్మకం ప్రకారం ఆ ఎవరో మా అమ్మ. మొగుడు లేని మనిషి పెళ్లిబొమ్మలో ఉండకూడదని అనుకునే కాలం, అనుకునే మనుషులం; నమ్మడానికి కారణం ఏమీ తక్కువ లేదు. ఈ మాట వదిన పైకి ఎప్పుడూ అనలేదు. మామూలుగా "అత్తమ్మ" అనే మనిషి, ఆల్బమ్ బయటికి తీసిన రోజు మాత్రం అన్నతో "మీ అమ్మ" అనేది. మా అమ్మ కూడా ఆల్బమ్ కనపడగానే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేది. మా అమ్మ నోట్లో నువ్వు గింజ నానదు. పొద్దున పక్కింట్లో జరిగింది మాపటికి మాచర్లదాకా పోతుందని నాన్న అనేవాడు. అలాంటి మనిషి ఆ ఒక్క విషయంలో నోరు కుట్టుకుంటే మేమైనా ఏమనుకోవాలి? తప్పు చేసిన మనిషి మౌనం అనుకున్నాం.

ఈ మధ్య అన్న కొత్త ఇల్లు కట్టాడు. ముందుగది గోడకు పక్కపక్కన రెండు మేకులు కొట్టించాడు. ఒకదానికి నాన్న పటం వేలాడదీసి గంధపు చెక్కదండ వేశారు. రెండోది అవ్వ కోసం. అన్న ఆ ఓటరు కార్డు తీసుకుపోయి ఒక ఫొటో స్టూడియోలో ఇచ్చాడు. వాళ్లు ఆ గోరంత బొమ్మను సాగదీసి, ముడతలన్నీ నున్నగా చేసి, మెడ కింద ఇంకెవరిదో ఒళ్లు అతికించి ఇచ్చారు. ఎర్ర పట్టుచీర, మెడ నిండా నగలు, చేతుల నిండా గాజులు.

వదిన ఆ పటాన్ని చాలాసేపు చూసింది. "గీమె ఎవరు?" అంది. కాసేపు నవ్వింది. తర్వాత వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

నేను వనపర్తి బస్సుకు బయలుదేరుతుంటే ఆల్బమ్ పట్టుకుని వాకిలి దాకా వచ్చింది. జలపాతం పేజీ తెరిచి చూపించింది.

"ఏమయ్యా, నువ్వు సినిమాలల్ల లేనోళ్లను గూడ తెస్తవంట గద. ఈ చెయ్యి పట్టుకొని మా అవ్వను జర బయటికి గుంజలేవా?"

"అట్ల కాదు వదినా. ఆడ బొమ్మ ఉంటేనే గుంజుత. లేనిదాన్ని గుంజితే స్టూడియోవాడు చేసినట్టే అయితది, ఇంకెవరో వస్తరు."

"తీసినోళ్ల దగ్గర యాడనో ఒక దగ్గర ఉంటది గద," అంది. అని అమ్మ గది వైపు చూసింది.

బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ దాటుతుంటే అనుకున్నాను, మామను అడగాలి. ఇన్నేళ్లు ఎందుకు అడగలేదంటే, అడిగితే తీయించింది ఎవరో కూడా తెలుస్తుంది. అది తెలియకుండా ఉంటేనే బాగుండునని మా ఇంట్లో అందరికీ ఉండేది.

మామ మిక్సింగ్ దుకాణం ఇప్పుడు జిరాక్స్ దుకాణం. ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నింపి పెడతాడు. నన్ను చూడగానే, "ఏంరా అల్లుడా, సినిమాలల్ల తాళ్లు అయిపోయినయా?" అన్నాడు. నేను ఈ పని మొదట నేర్చుకున్నది ఆ దుకాణంలోనే కాబట్టి ఆయన ఎన్ని మాటలన్నా పడతాను.

అన్న పెళ్లి ఫొటోలు కావాలన్నాను. మామ గొణుగుతూ అటక మీది చెప్పుల డబ్బా దించి, అందులోంచి పాత హార్డ్‌డిస్క్ తీశాడు. తన కంప్యూటర్‌కు తగిలించాడు. పెళ్లి పేరుతో రెండు ఫోల్డర్లు కనిపించాయి. మొదటిదానిలో జేపెగ్ ఫొటోలు, ఆల్బమ్‌లో ఉన్నవి ఉన్నట్టే. జలపాతం, వేళ్లు, అన్నీ. రెండోదానిలో ఫైళ్లకు బొమ్మ లేదు, అన్నీ తెల్ల కాగితం గుర్తులే.

"గవి ఖరాబైనయ్‌రా. ఒక్కటి తెరుసుకోదు. తీసేద్దాం తీసేద్దామని ఎన్నిసార్లు అనుకున్ననో."

"మరెందుకు తీసెయ్యలే మామా?"

"తీసేనీకి గూడ కూసోవాలె గద."

నేను ఫైళ్ల పేర్ల చివర చూశాను. టీజీఏ. నాకు ప్రాణం లేచి వచ్చింది. అవి చెడిపోలేదు. ఆ కాలపు మిక్సింగ్ కంప్యూటర్లకు తెలిసిన ఫైళ్లు, ఇప్పటి మామూలు కంప్యూటర్‌కు తెలియవు, అంతే తేడా. ఫొటోగ్రాఫరు తన కార్డు ఖాళీ చేసుకుని ఇంకో పెళ్లికి పోయాడు, అసలు ఫొటోలు అప్పుడే పోయాయి. మామ దించుకున్న ఈ టీజీఏలు మాత్రం ఆయన బద్ధకం పుణ్యాన మిగిలాయి. బద్ధకానికి ఎవరైనా సన్మానం చేస్తారా అంటే నేను ఆ రోజు మామకు శాలువా కప్పేవాణ్ని.

డిస్క్ ఒళ్లో పెట్టుకుని బస్సులో వనపర్తి వచ్చాను. పల్లికాయ మూటల మధ్య సీటు దొరికింది. ఎవరి మోచెయ్యి తగిలినా కసురుకున్నాను.

ఇక్కడ నా పని సంగతి కొంచెం చెప్పాలి. కంప్యూటర్‌లో ప్రతి బొమ్మా మూడు పొరలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. కొన్ని రకాల ఫైళ్లు నాలుగో పొర కూడా మోస్తాయి. దానికి రంగు ఉండదు. బొమ్మలో ఎక్కడ కనపడాలో, ఎక్కడ కనపడకూడదో అది చెబుతుంది. తెల్లగా ఉన్నచోట కనపడుతుంది, నల్లగా ఉన్నచోట కనపడదు. మేము దాన్ని ఆల్ఫా అంటాం. జేపెగ్‌కు ఆ నాలుగో పొర మోసే శక్తి లేదు, టీజీఏకు ఉంది. మామ మనుషుల చుట్టూ కత్తిరించింది నిజంగా కత్తిరించడం కాదు, ఆ నాలుగో పొరలో నల్లరంగు పూయడం.

నల్లరంగు పూశాక ఫైలును దాచడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. ఒక పద్ధతిలో ఆల్ఫాతో రంగులను ముందే గుణించి దాస్తారు. నలుపు అంటే సున్నా. సున్నాతో ఏది గుణించినా సున్నాయే, కాబట్టి నల్లరంగు కింద ఉన్న మనిషి శాశ్వతంగా పోతుంది. ఇంకో పద్ధతిలో గుణించకుండా వదిలేస్తారు. అప్పుడు దుప్పటి కప్పినట్టు కప్పి ఉంటుంది, అంతే. ఏ ఫైలు ఏ పద్ధతో పైకి చూస్తే తెలియదు. మా స్టూడియోలో సగం గొడవలు దీని గురించే.

జలపాతం ఫొటో నంబరు వెతికి తెరిచాను. మామ కంప్యూటర్ గుర్తుపట్టని ఫైలును నా సాఫ్ట్‌వేర్ చిన్న చప్పుడు కూడా లేకుండా తెరిచింది. జలపాతం లేదు, అది తర్వాత అతికించింది. అన్న, వదిన, అమ్మ, నాన్న, వదిన మేనమామ వాళ్లు శూన్యంలో కూర్చుని ఉన్నారు. భుజం మీద వేళ్లు ఉన్నాయి.

ఆల్ఫా ఒక్కటే చూశాను. తెల్లని ఆకారాలు వరుసగా, వదిన ఆకారం వెనక నలుపు. వేళ్లున్న చోటు మాత్రం తెల్లగానే ఉంది. మామ వేళ్లను ఎందుకు వదిలేశాడో అప్పుడు అర్థమైంది. వేళ్లు తీసేస్తే వాటి కింద చీర లేదు. పెళ్లికూతురి భుజానికి కంత పడుతుంది. అంతకన్నా దయ్యం చెయ్యే నయమని ఊరుకున్నాడు.

ఇక మిగిలింది రంగులను మాత్రమే, ఆల్ఫా లేకుండా చూడటం. ఒక్క మీట నొక్కితే చాలు. నొక్కకుండా లేచి వెళ్లి చాయ్ పెట్టుకున్నాను. మామ ముందే గుణించి దాచి ఉంటే అక్కడ కటిక నలుపు తప్ప ఏమీ ఉండదు. ఆ మాట వదినకు నేనే చెప్పాలి. చాయ్ తాగాను. అప్పుడు గుర్తొచ్చింది: ఆ దుకాణంలో నేను పని నేర్చుకునేటప్పుడు, తలల చుట్టూ నల్లగీత వస్తోందని మామ విసుక్కుని, ఆ గుణించే పద్ధతి పూర్తిగా మానేశాడు. అది ఈ పెళ్లికి ముందో తర్వాతో గుర్తు రాలేదు.

మీట నొక్కాను.

పందిరి వచ్చింది. మామిడాకుల తోరణం, ప్లాస్టిక్ కుర్చీల దొంతర, ఐస్‌క్రీమ్ తింటున్న ఇద్దరు పిల్లలు. వదిన వెనక ఒక సన్నని మనిషి నిలబడి ఉంది. నీరుకావి రంగు నేతచీర, తల మీద కొంగు, బొట్టు లేని నుదురు. కుడిచెయ్యి వదిన భుజం మీద గట్టిగా నొక్కి పెట్టింది, చీర అక్కడ ముడతలు పడింది. ఎడమచెయ్యి గాల్లోకి సగం లేచి ఉంది. దీవిస్తోందనుకున్నాను. ముఖం నిండా నవ్వు. ముందు పన్ను ఒకటి కొంచెం వంకర. మా వదినకు కూడా అదే పన్ను అలాగే వంకర.

నేను ఏడ్చాను. ఆమెతో నేను నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండను.

కళ్లు తుడుచుకుని మామకు ఫోన్ చేశాను. దొరికిందని చెబితే, "నేను చెప్పలే? నా పని పక్కా ఉంటది" అన్నాడు, చెడిపోయాయన్నది తానే కానట్టు. చివరికి అడిగాను: "ఆమెను తీసెయ్యమన్నది ఎవరు మామా?"

"గది నన్నడగకు. మీ అమ్మనడుగు," అన్నాడు. వెంటనే జిరాక్స్ మిషన్ పాడైన సంగతి మొదలుపెట్టాడు.

అంటే అమ్మే. నేను అనుకున్నదే అయినా, విన్నాక చాలా కష్టమనిపించింది. ఆ ఫొటో చాలా రోజులు నా దగ్గరే పెట్టుకున్నాను. చూపిస్తే వదిన అడుగుతుంది. అడిగితే ఇన్నేళ్ల కోపం గడప దాటి బయట పడుతుంది. చూపించకపోతే ఒక బిడ్డకు తల్లి ముఖం దాచినవాణ్ని అవుతాను. పైగా ఇంకో చిక్కు ఉంది. అవ్వ ఒక్కతే ఉన్న పటం కావాలంటే వదినను కత్తిరించాలి. వదిన భుజం తీస్తే అవ్వ చెయ్యి గాల్లో ఆగుతుంది. చెయ్యి కూడా తీసేస్తే మిగిలేది అవ్వే కాదు. ఇద్దరినీ కలిపి గోడకు పెడదామంటే, బతికున్న మనిషి ఉన్న పటానికి దండ వేయరాదు. అమ్మ అసలే ఒప్పుకోదు.

చివరికి ఒక ఆదివారం లాప్‌టాప్ సంచిలో వేసుకుని గద్వాల పోయాను. అన్న దుకాణానికి పోయాడు. అమ్మ వరండాలో కూర్చుని పల్లికాయలు వొలుస్తోంది. వదినను ముందుగదిలో కూర్చోబెట్టి ఫొటో తెరిచాను.

వదిన మొదట ముఖం చూడలేదు. వేళ్ల దగ్గర మొదలుపెట్టి, మణికట్టు, మోచెయ్యి, భుజం, అలా మెల్లగా పైకి పోయింది. ముఖం దగ్గర ఆగింది.

"మా అవ్వ నవ్వుతుంది," అంది. "మా అవ్వ ఇంత నవ్వంగ నేనెన్నడు సూడలే." చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఏం చేయాలో తోచక ఫ్యాను వేగం పెంచాను.

ఏడుపు ఆగాక ఆమె తల తిప్పకుండానే పిలిచింది. "అత్తమ్మా, జర ఇటు రా."

అమ్మ వచ్చింది. తెర మీద ఉన్నది చూసి గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఇన్నేండ్లు అడగలే, ఇయ్యాల అడుగుత," అంది వదిన. గొంతు పెంచలేదు. "నా పెండ్లి ఫొటోల మా అవ్వ ఉంటే నీకేమైతుండె అత్తమ్మా?"

నాకు అక్కణ్నుంచి లేచిపోవాలనిపించింది. అమ్మ మెల్లగా వచ్చి వదిన పక్కన కూర్చుంది. చేతులకంటిన పల్లిపొట్టు చీరకు తుడుచుకుని, తెర మీద గాల్లోకి లేచిన ఆ ఎడమచెయ్యి చూపించింది.

"ఈ చెయ్యి సూసినవా? ఫొటో తీసెటోనికి వద్దు వద్దంటుంది. అయినా వాడు తీసిండు. పెండ్లైన నాలుగు దినాలకు మీ అవ్వ నా దగ్గరికొచ్చింది. వదినె, ముండమోసినదాన్ని, బిడ్డ పెండ్లిబొమ్మల నేనెందుకు, మీ తమ్మునికి చెప్పి తీసేపియ్యమన్నది. నేను వద్దన్న. నువ్వు తల్లివి, నువ్వుంటే ఏమైతదన్న. ఇనలే. ఇద్దరం బస్సెక్కి నాగర్‌కర్నూలు పోయినం. ఆమెనే దగ్గర కూసొని తీసేపిచ్చింది."

వదిన ఆ ఎడమచెయ్యిని మళ్లీ దగ్గరగా చూసింది.

"మరి నాకెందుకు చెప్పలే?" అని అడిగింది.

"మీ అవ్వ ఒట్టు ఏపిచ్చుకున్నది బిడ్డా. నేను తీసేపిచ్చిన్నని తెలిస్తే నా బిడ్డ కుమిలి కుమిలి ఏడుస్తది వదినె, మీరు తీసిన్రనుకుంటే కోపం చేస్తది, ఏడ్చుడు కన్న కోపం నయం, కోపమున్నోళ్లు ఇంత కూడన్నా తింటరు అన్నది. పని మీదికెళ్లి వచ్చినంక నేనే దానికి చెప్త, అందాక నువ్వు నోరిప్పకు అన్నది. ఆమె రాకపాయె. నేనెట్ల చెప్పాలె?"

నోట్లో నువ్వు గింజ నానని మా అమ్మ, తనను తప్పుబడుతున్నారని తెలిసి తెలిసి, దగ్గర దగ్గర ఇరవై ఏళ్లు ఆ ఒక్క మాట దాచుకుంది. మేమంతా దాన్ని తప్పు చేసిన మౌనం అనుకున్నాం. నాకు సిగ్గేసింది.

వదిన లేచి వంటింట్లోకి పోయింది. తలుపు చప్పుడు కోసం ఎదురుచూశాను. తలుపు పడలేదు. గిన్నెల చప్పుడు వినిపించింది. కాసేపటికి రెండు కంచాలు పట్టుకొచ్చింది. ఒకటి అమ్మ ముందు పెట్టి, రెండోది తన ముందు పెట్టుకుని, పక్కనే కింద కూర్చుంది. జొన్నరొట్టె, పల్లీల పచ్చడి. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని తినడం నేను అంతకుముందు చూసిన గుర్తు లేదు. నాకు పెట్టడం ఇద్దరూ మరిచిపోయారు. నేనే పోయి పెట్టుకున్నాను.

తింటూ నేను పటం చిక్కు చెప్పాను. వదినను కత్తిరించాలని, కత్తిరిస్తే చెయ్యి ఏమవుతుందో, కత్తిరించకపోతే దండ వేయరాదని.

వదిన అమ్మ వైపు చూసింది. అమ్మ రొట్టె తుంచుతూ, "దండ లేకుంటేంది? ఇద్దరిని ఉండనియ్యి. ఒకపారి విడదీసింది సాలదా?" అంది.

ఇంటికొచ్చి అచ్చుకు పంపే ఫైలు తయారుచేశాను. నాలుగో పొర తీసేసి, మూడు రంగులే ఉంచాను. పందిరి, కుర్చీలు, ఐస్‌క్రీమ్ తినే పిల్లలు, దేన్నీ తుడవలేదు. వంకర పన్ను సరిచేయలేదు. వనపర్తిలో అచ్చు వేసే ఆయన వెనకాల మంచి కొండ పెట్టమంటారా అని అడిగితే వద్దని కొంచెం గట్టిగానే చెప్పాను. మామ చేసిన పాత ఫైలును మాత్రం ఉన్నది ఉన్నట్టే దాచాను. దాని మీద ఉన్న నలుపు కూడా అవ్వే పక్కన కూర్చుని పూయించుకున్నదే కదా.

ఆ పటం ఇప్పుడు గద్వాల ఇంట్లో రెండో మేకుకు ఉంది. నాన్న పటానికి దండ ఉంది, దానికి లేదు. ఒట్టు తీరిపోయింది కాబట్టి మా అమ్మ మళ్లీ మామూలు మనిషైంది. ఇంటికి ఎవరొచ్చినా, పాలు పోసే ఆమె వచ్చినా సరే, చెయ్యి పట్టుకుని ఆ పటం ముందుకు తీసుకుపోయి మొదటి నుంచి చివరిదాకా చెబుతుంది. వదిన పనులన్నీ ఆపి పక్కన నిలబడి వింటుంది, ఎన్నోసారైనా మొదటిసారి విన్నట్టే.

పోయిన వారం నేను వెళ్లినప్పుడు కూడా ఎవరో వచ్చారు, అమ్మ చెప్పింది, వాళ్లు కళ్లు తుడుచుకుని వెళ్లిపోయారు. నేనింకా గదిలోనే ఉన్నానని అమ్మ చూసుకోలేదు. పటానికి అంటిన దుమ్మును కొంగుతో తుడుస్తూ, అందులో ఉన్న అవ్వతో అంది:

"వచ్చినంక నేనే చెప్తనంటివి వదినె. ఆఖరికి నాతోనే చెప్పిస్తివి."